బుక్రా

ఈ ఆసుపత్రిలో నేల తుడిచే మనిషిని నేను.
ఫర్వానియాలో, మూడో అంతస్తు, ఆడోళ్ల వార్డు.
నాకొచ్చిన అరబ్బీ యాభై మాటలు దాటదు,
అందులో సగం మురికి పేర్లు.
అయినా ఆ పొద్దు డాక్టరమ్మ నన్నే పిల్చింది:
నీ దేశం పిల్లే, నువ్వు చెప్పు.

మంచం మింద ఎస్తేరు రాణి.
ఆమెది రాజోలు పక్క, నాది రాయచోటి.
ఆమె "అక్కా" అంటే కాలవ పారినట్టుంటుంది,
నేను "ఏమ్మే" అంటే గుండు దొర్లినట్టు.
సెలవుకు పోయి మొగుని కాడ నలభై రోజులుండి
తిరిగి పనిలోకొచ్చింది.
కడుపులో ఇంకొకరున్నట్టు
విమానానికీ తెలీదు, ఆమెకూ తెలీదు.

గుండెలో ఒక కవాటం
చిన్నప్పటి జ్వరానికే వంకరపోయిందంట.
మోస్తే తల్లి దక్కదు, అనింది డాక్టరమ్మ.
ఆ దక్కదును నోట్లోనే రెండు సార్లు తిప్పి
"కష్టమంట" అని చెప్పినా.
ఆ పిల్ల నవ్వింది.
"తగ్గించి చెప్పేత్తన్నావు అక్కా."

చట్టంలో దారి ఉంది.
ముగ్గురు డాక్టర్ల సంతకాలు, మొగుని సంతకం,
బతాకా, పాస్‌పోర్టు, అన్నీ అసలువి,
గడువు లోపల.
దారి లేదని ఎవరూ అనలేదు.

పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది.
కఫీల్ ఎడారిలో గుడారమేసుకోని ఉన్నాడు,
చలికాలం కదా.
మొగుడు రొయ్యల చెరువు కాడ కాపలా.
సంతకం ఫోటో తీసి ఫోన్లో పంపిచ్చినాడు,
పక్కనే వేలిముద్ర గూడా, ఎందుకైనా మంచిదని.
ఫోటో చెల్లదు.
ఎంబసీ ముద్ర కావాల.

గాజు కిటికీల ఎనక అందరూ మంచోళ్లే.
ఒకాయన నాకు ఖర్జూరం పెట్టినాడు.
పెట్టి అన్యాడు: బుక్రా.

బుక్రా అంటే రేపు.
నా యాభైలో మొదట నేర్చుకున్నది అదే.

మా చిన్నప్పుడు ఒక ఏడు
ఊరంతా తలుపుల మింద బొగ్గుతో
రేపు రమ్మని రాసుకున్యారు.
రాత్రిళ్లు ఒక ఆడదయ్యం వచ్చి తలుపు కొడుతుందని,
రాత చదువుకోని ఎనక్కి పోతుందని,
మళ్లా వచ్చి మళ్లా చదువుకుంటుందని.
దుప్పట్లో మునగదీసుకోని వణికేదాన్ని.
ఇప్పుడనిపిస్తాది,
అంత ఒద్దికగా చదువుకోని పోయేదాన్ని
దయ్యమని ఎట్లన్యాం మేం?
ఏం కావాలని వచ్చిందో
ఒక్కరన్నా తలుపు తీసి అడిగినామా?

అదే వారం, అదే అంతస్తు చివర,
తివాచీ ఉండే గదిలో ఇంకొకామె.
ఆమెదీ ప్రాణం మిందికొచ్చిన కడుపే.
పొద్దున పదింటికి మొగుడూ ముగ్గురు డాక్టర్లూ నిలబడి ఉండంగానే
ఒకే పెన్ను నాలుగు చేతులు మారింది.
మధ్యాన్నం ఆ గది తుడిచినా.
గోడ పక్కకు తిరిగి ఏడుస్తా ఉంది.
కోపం తెచ్చుకుందామనుకున్నా, రాలేదు.
ఏడుపు ఏడుపే.
పెన్ను మంచం కింద పడి ఉంది.
తీసి జేబులో ఏసుకున్నా.
దాంతో రాస్తే పని అవుతాదనుకున్యానేమో.

గడువుకు రెండు రోజులుండంగా
కఫీల్ పెండ్లాం వచ్చి ఎస్తేరును తోలకపోయింది,
ఇంటికి చుట్టాలొచ్చినారంట.
పోతా పోతా అడిగింది ఆ పిల్ల:
"వారాలు లెక్కెట్టేది ఎవరక్కా,
దేవుడా, ఈళ్లా?"
నాకు అరబ్బీలోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు.

ఇప్పుడు ఆరో నెల జరగతా ఉండాల.
శుక్రవారం ఫోన్ చేస్తే
మాట కంటే ముందు ఆయాసం ఇనపడతాది.
మూడంతస్తుల మిద్దెక్కా, అంటాది.
లిఫ్టు ఉంది ఆ ఇంట్లో.
పనోళ్లకు కాదు.

నిన్న డాక్టరమ్మ నన్ను ఆపి అడిగింది,
ఆ పిల్ల ఎట్లుందని.
బకెట్టు కింద పెట్టినా.
యాభై మాటలూ ఎతికినా.
జేబులో పెన్ను తగిలింది.
బుక్రా, అనినా.